పంపు పక్షం, గొట్టం పక్షం: పాత మినీవ్యాన్ స్టీరింగ్ మోతపై సంవాదం

పాత మినీవ్యాన్‌లో పవర్ స్టీరింగ్ మోత వినిపించేది దాదాపు ఎప్పుడూ పంపు దగ్గరే. కారణం మాత్రం చాలాసార్లు పంపుకు ముందే ఉంటుంది. ఆయిల్ డబ్బాకూ పంపుకూ మధ్య ఉన్న పొట్టి గొట్టంలోనో, దాని చివర ఉన్న రబ్బరు ఓరింగులోనో వెతకాలి. వర్క్‌షాపుల్లో ఈ విషయం మీద రెండు పక్షాలున్నాయి. మోత చేసే భాగాన్ని విప్పేసి కొత్తది బిగించమనేది పంపు పక్షం. ఆయిల్ వచ్చే దారి చూడనిదే పంపు మీద చెయ్యి వెయ్యొద్దనేది గొట్టం పక్షం. వారి వాదానికి ఇక్కడ తీసుకున్న బండి 1999 నుంచి 2004 వరకు మోడళ్లుగా ఉత్తర అమెరికాలో అమ్మిన హోండా ఒడిస్సీ. దానిది 3.5 లీటర్ల వీ6 ఇంజన్, ఏడు సీట్లు, పక్కకు జరిగే తలుపులు. అమెరికా తెలుగు కుటుంబాలకు ఈ ఒడిస్సీ, టయోటా సియెన్నా బాగా తెలిసిన బండ్లు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చిన ఏడాది చాలా ఇళ్ల ముందు ఈ రెండింటిలో ఒకటి వచ్చి చేరుతుంది.

ఈ తరం బండ్లలో స్టీరింగుకు సాయం చేసేది ఆయిల్ ఒత్తిడి. ఇంజన్ బెల్టు తిప్పే పంపు ఆ ఒత్తిడిని పుట్టిస్తుంది. పంపు లోపల గాడులు కోసిన రోటరు, గాడుల్లో ముందుకూ వెనక్కూ జారే పలచని రేకులు, వాటి చుట్టూ అండాకారపు ఉక్కు వలయం ఉంటాయి. రోటరు తిరిగేకొద్దీ రేకుల మధ్య జాగా ఒకవైపు పెరుగుతుంది, అక్కడ ఆయిల్ లోపలికి వస్తుంది. మరోవైపు జాగా తగ్గుతుంది, అక్కడ ఆయిల్ ఒత్తిడితో బయటికి పోతుంది. ఆ ఆయిల్ గట్టి గొట్టంలో, చక్రాలను తిప్పే ర్యాక్ దగ్గరకు వెళ్తుంది. డ్రైవర్ స్టీరింగ్ తిప్పిన మేరకు అక్కడి వాల్వు దాన్ని ఎడమకో కుడికో మళ్లిస్తుంది. పని అయ్యాక ఆయిల్ తిరుగు గొట్టం గుండా డబ్బాకు చేరుతుంది. చక్రాలు చివరిదాకా తిరిగి ఆగినప్పుడు ఒత్తిడి హద్దు దాటకుండా పంపులోనే ఒక రిలీఫ్ వాల్వు ఉంటుంది. అది చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్ల పైచిలుకు దగ్గర తెరుచుకుంటుంది. ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లోనే పియర్స్-యారో కారు మీద ఆయిల్ ఒత్తిడితో నడిచే స్టీరింగును చూపించాడు. అమ్మకపు కారులోకి అది వచ్చింది మాత్రం 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. తెలుగు నేల మీద టాక్సీలుగా తిరిగిన క్వాలిస్, మొదటి తరం ఇన్నోవాల్లో ఉన్నదీ ఈ పద్ధతే.

పంపు పక్షం వాదం సూటిగా మొదలవుతుంది.

పంపు పక్షం: ఇరవై ఏళ్ల బండి. స్టీరింగ్ తిప్పితే మూలుగుతోంది. మూలిగేది పంపని చెవికి తెలుస్తూనే ఉంది. మార్చేస్తే అయిపోయేదానికి ఇంత శాస్త్రచర్చ ఎందుకండీ?

గొట్టం పక్షం: మూలిగేది పంపేనని నేనూ ఒప్పుకుంటాను. రోగం పంపుదేనని మీకు ఎవరు చెప్పారు? ఆయిల్ సరిగా అందకపోతే కొత్త పంపు కూడా ఇలాగే మూలుగుతుంది. అసలు ఆ మోత పంపుదేనా అన్నది కూడా మీరింకా తేల్చలేదు.

ఈ చివరి మాటలో పస ఉంది. బానెట్ కింద నుంచి వచ్చే ప్రతి మోతా స్టీరింగ్ పంపుది కాదు. బండి స్టార్ట్ చేసిన వెంటనేగానీ, వాన రోజునగానీ, స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడుగానీ కీచుమని అరిచి ఊరుకునేది బెల్టు. అది వదులైనా, అరిగి గాజులా మెరుస్తున్నా, దాని మీద ఆయిల్ చుక్క పడినా అలా జారి అరుస్తుంది. గతుకుల్లో టక్‌మని కొట్టే చప్పుడుకూ ఆయిల్‌కూ సంబంధం ఉండదు. టై రాడ్ చివరలు, స్ట్రట్ పైన ఉండే మౌంటు, ర్యాక్‌ను పట్టి ఉంచే రబ్బరు బుష్షులు చూడాలి. స్టీరింగ్ చివరిదాకా తిప్పి పట్టుకున్నప్పుడు వచ్చే బుస్సుమనే చప్పుడు రిలీఫ్ వాల్వుది. అది జబ్బు కిందికి రాదు. అయితే అలా పట్టి ఉంచడం అయిదు సెకన్లు దాటకూడదు. దాటితే ఆయిల్ కాగిపోతుంది. ఇక మిగిలింది ఇంజన్ వేగంతో పాటు పెరిగే వూ... అనే మూలుగు. పార్కింగులో చక్రాలు తిప్పేటప్పుడు అది గట్టిపడుతుంది. వాదమంతా దాని గురించే.

పంపు పక్షం: సరే, బెల్టు కాదు, బుష్షు కాదు. వూ అంటోంది. ఇప్పుడైనా ఒప్పుకుంటారా?

గొట్టం పక్షం: వూ అనేవి ఇంకా ఉన్నాయి. ఆల్టర్నేటర్ బేరింగు అంటుంది, ఏసీ కంప్రెసర్ పుల్లీ అంటుంది. ఈ ఒడిస్సీలో ఒక సుఖం ఉంది. స్టీరింగ్ పంపుకు విడి బెల్టు. దాన్ని తీసి ఇంజన్‌ను ఒక్క నిమిషం నడపండి. మోత అలాగే ఉంటే మీ పంపు నిర్దోషి.

పంపు పక్షం: బెల్టు తీస్తే ఇంజన్ వేడెక్కదూ?

గొట్టం పక్షం: ఈ ఇంజన్‌లో నీటి పంపును తిప్పేది లోపలి టైమింగ్ బెల్టు. బయటి బెల్టుతో దానికి పని లేదు. నిమిషానికేమీ కాదు. కానీ ఈ మాట అన్ని బండ్లకూ వర్తించదు. నీటి పంపు కూడా బయటి బెల్టు మీదే తిరిగే ఇంజన్లలో కొద్ది సెకన్లలో విని ఆపేయాలి.

బెల్టు తీసి వినే ఈ పరీక్షకు ఖర్చు లేదు, అనుమానానికి తావూ ఉండదు. అయినా చాలామంది దీన్ని వదిలేసి, పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించుకుని ఒక్కో పుల్లీ దగ్గరా వింటారు. అదీ పనికొచ్చే పద్ధతే, కానీ పక్కపక్కన బిగించిన రెండు భాగాల్లో ఒకదాని మోత మరోదాని గుండా చెవికి చేరుతుంది. వినేవాడి అనుభవమే అక్కడ తీర్పరి. తిరుగుతున్న బెల్టు పక్కన వంగేటప్పుడు వదులు చొక్కా చేతులు, మెడలో గొలుసు, చున్నీ ఉండకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

మోత పంపు దగ్గరిదేనని తేలాక చూడవలసింది ఆయిల్ డబ్బా. ఒడిస్సీ డబ్బా మీద పై గీత, కింది గీత ఉంటాయి. చదునైన చోట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం ఆ రెంటి మధ్య ఉండాలి. మట్టం తగ్గితే పంపు ఆయిల్‌తో పాటు గాలినీ మింగుతుంది. ఆయిల్ పోసి సరిపెట్టుకోవడం సులువు. కానీ మూసి ఉన్న చుట్టుతిరుగుడులో తగ్గిన ఆయిల్ ఎక్కడికో పోయి ఉండాలి. పంపు ముందు సీలు, ఒత్తిడి గొట్టం బిగింపులు, ర్యాక్ రెండు చివర్ల ఉండే మడతల రబ్బరు తొడుగులు చూడాలి. తొడుగును పిసికితే లోపల ఆయిల్ కదిలినట్టు తగిలిందంటే ర్యాక్ సీలు పోయింది. కారే ఆయిల్ వేడి ఎగ్జాస్టు మీద పడితే మంట అంటుకోవచ్చు, కాబట్టి కారుతున్న బండిని పోసుకుంటూ నడపడం మంచిది కాదు.

పంపు పక్షం: మట్టం సరిగ్గా ఉంది. నేల మీద చుక్క లేదు. గొట్టాలు పొడిగా ఉన్నాయి. కారడం లేదంటే బయట ఏ లోపమూ లేనట్టే కదా? ఇక లోపల అరిగిందనే కదండీ అర్థం?

గొట్టం పక్షం: అక్కడే మీరు పప్పులో కాలేశారు. కారని లీకు కూడా ఉంటుంది.

ఈ సంవాదానికి కేంద్రం ఇదే. ఒత్తిడి గొట్టంలో ఆయిల్ బయటి గాలి కంటే ఎన్నో రెట్లు ఒత్తిడితో ఉంటుంది. అక్కడ బీట పడితే ఆయిల్ బయటికి చిమ్ముతుంది, కంటికి కనిపిస్తుంది. డబ్బా నుంచి పంపుకు వచ్చే గొట్టంలో పరిస్థితి దీనికి తలకిందులు. పంపు అక్కడ ఆయిల్‌ను పీల్చుకుంటుంది కనుక లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తక్కువ. ఆ భాగంలో సందు ఉంటే ఆయిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. కొబ్బరిబోండాంలో వేసిన గొట్టానికి పైన చిల్లి పడితే నీళ్లు కారవు, నోట్లోకి గాలి వస్తుంది. ఇక్కడ జరిగేదీ అదే. ఇంజన్ ఆపాక డబ్బాలోని ఆయిల్ బరువుకు ఆ సందు దగ్గర కొంచెం చెమ్మ పట్టవచ్చు. చాలా బండ్లలో అదీ ఉండదు.

లోపలికి పోయిన గాలి సన్నని బుడగలై ఆయిల్‌లో కలుస్తుంది. పంపులో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగే చోట ఆ బుడగలు నలిగి చితుకుతాయి. ఆ చితుకుడే మూలుగు. గొట్టం లోపలి పొర ఊడి దారి మూసుకుపోయినా, డబ్బా అడుగున ఉండే సన్నటి జల్లెడ మడ్డితో పూడినా వినిపించేది దాదాపు ఇదే చప్పుడు. కాకపోతే అక్కడ బయటి గాలి చేరదు. ఆయిల్ చాలక, పీల్పు మరీ ఎక్కువై, ఆయిలే ఆవిరి బుడగలుగా విడిపోతుంది. ఈ రెంటినీ వేరు చేసే ఉపాయం డబ్బా మూత తీసి చూడటం. గాలి చేరిన ఆయిల్ నురగ కట్టి పాలు కలిపినట్టు తెల్లబారుతుంది. దారి మూసుకుపోయిన బండిలో ఆయిల్ తేటగానే కనిపిస్తుంది, మోత మాత్రం ఇంజన్ వేగం పెంచినప్పుడు విపరీతమవుతుంది. ఇంకో గుర్తు ఉంది. ఇంజన్ నడుస్తుండగా డబ్బాలో మట్టం చూసుకుని, ఆపగానే మళ్లీ చూడాలి. ఆపిన వెంటనే మట్టం పైకి లేచిందంటే ఒత్తిడిలో కుదించుకుపోయి ఉన్న గాలి విప్పారిందన్నమాట.

ఒడిస్సీలో గాలి చొరబడే చోటు చాలామంది మెకానిక్కులకు కంఠతా వచ్చు. పీల్పు గొట్టం పంపుకు నేరుగా తగలదు. పంపుకు బోల్టులతో బిగించిన ఒక మూలమలుపు ముక్కకు తగులుతుంది. ఆ ముక్కకూ పంపుకూ మధ్య వేలి ఉంగరం కంటే చిన్న ఓరింగు ఉంటుంది. ఇంజన్ వేడికి ఏళ్ల తరబడి మాగిన ఆ రబ్బరు గట్టిపడి, గుండ్రంగా ఉన్నది కాస్తా చదునైపోతుంది. చలికాలంలో రబ్బరు ఇంకా బిగుసుకుంటుంది కాబట్టి పొద్దున్నే మోత ఎక్కువగా ఉండి, ఇంజన్ వేడెక్కాక తగ్గుతుంది. మిచిగన్, మిన్నెసోటా వంటి చోట్ల జనవరి ఉదయాన స్టార్ట్ చేస్తే మొదటి నిమిషం పాటు మంచి బండి కూడా కొంచెం మూలుగుతుంది. ఆయిల్ చిక్కబడటమే దానికి కారణం. ఆ మూలుగు రోజురోజుకూ ఎక్కువసేపు సాగుతుంటే ఓరింగును అనుమానించాలి.

పంపు పక్షం: మీరు చెప్పే ఓరింగు లోపల ఉంది, కనిపించదు. అది పోయిందని విప్పకుండా ఎలా తేలుస్తారు?

గొట్టం పక్షం: ఇంజన్ నడుస్తుండగా ఆ ముక్క చుట్టూ గ్రీజు దట్టంగా పూయండి, లేదా స్టీరింగ్ ఆయిలే రెండు చుక్కలు వెయ్యండి. సందు కాసేపు మూసుకుంటుంది. మోత మారితే దొంగ దొరికినట్టే. మారకపోతే గొట్టం క్లిప్పుల దగ్గర అదే పని చెయ్యండి. స్ప్రింగు క్లిప్పులు పాతబడితే పట్టు సడలుతుంది.

పంపు పక్షం: మారకపోతేనో?

గొట్టం పక్షం: అయినా ఓరింగు మార్చండి. రెండు మూడు డాలర్ల సరుకు. పాతదాన్ని బాగుచేసి అమ్మే రీబిల్ట్ పంపు వంద డాలర్ల పైమాట, కూలీ వేరే. మార్చేటప్పుడు అది కూర్చునే గాడి తుడిచి, కొత్త ఓరింగుకు స్టీరింగ్ ఆయిల్ రాసి, మెలి తిరగకుండా కూర్చోబెట్టండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే కుళాయి ఓరింగు సైజు సరిపోయిందని పెట్టొద్దు. ఆ రబ్బరు ఈ ఆయిల్‌కు ఉబ్బిపోవచ్చు.

ఇక్కడ పంపు పక్షం ఒక గట్టి ఎదురుమాట వేస్తుంది. దాన్ని కొట్టిపారేయడానికి లేదు.

పంపు పక్షం: బాగుంది. ఈ ఓరింగు ఎప్పుడో పోయి ఉంటుంది. ఆర్నెల్లుగా బండి నురగ తాగుతూనే నడిచింది. నురగకు జారుడు గుణం ఉండదు. రేకులూ వలయమూ ఒరుసుకుని గీతలు పడి ఉంటాయి. ఇప్పుడు మీ రెండు డాలర్ల ఓరింగు వేస్తే గాలి ఆగుతుంది, గీతలు మాసిపోతాయా?

గొట్టం పక్షం: మాసిపోవు. కానీ గీతలు పడ్డాయో లేదో ఆయిలే చెబుతుంది. డబ్బాలోంచి కొంచెం తీసి తెల్లగుడ్డ మీద వేసి ఎండలో చూడండి. లోహపు తళుకు కనిపిస్తే పంపు లోపల తినేసింది, అప్పుడు నేను అడ్డు చెప్పను. ఆయిల్ నల్లబడినా తళుకు లేకపోతే అది ఎక్కువగా రబ్బరు మడ్డి.

ఈ విషయంలో ఇద్దరి మాటా నిజమే. గాలి లీకును ఎంత ఆలస్యంగా పట్టుకుంటే పంపు పక్షం వాదానికి అంత బలం చేకూరుతుంది. మొదటి మూలుగు వినిపించిన వారంలో మార్చిన ఓరింగు పంపును కాపాడుతుంది. ఏడాది తర్వాత మార్చిన ఓరింగు వల్ల ఒక్కోసారి రాబోయే కొత్త పంపుకే మేలు జరుగుతుంది. పంపు షాఫ్టు బేరింగు పోయిన కేసులు వేరు. ఆ గరగర స్టీరింగ్ తిప్పినా తిప్పకపోయినా ఒకేలా ఉంటుంది, ఆయిల్‌లో నురగ ఉండదు. అక్కడ ఓరింగు వెతుకుతూ కూర్చోవడం వృథా.

ఆయిల్ రకం గురించి రెండు పక్షాలకూ పెద్ద తేడా లేదు. తేడా వచ్చేది బండి యజమానితోనే. హోండా ఈ బండికి తన సొంత పవర్ స్టీరింగ్ ఆయిల్ తప్ప వేరేది పోయవద్దని యజమాని పుస్తకంలోనే హెచ్చరించింది. ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) గానీ మరో కంపెనీ స్టీరింగ్ ఆయిల్‌గానీ పోస్తే సీళ్లు దెబ్బతింటాయి. అదే కాలపు సియెన్నాకు పోయవలసింది డెక్స్రాన్ రకం ఏటీఎఫ్. 2000ల నడిమి నాటి క్రైస్లర్ మినీవ్యాన్లకు ఏటీఎఫ్+4. పక్కింటివాళ్ల సియెన్నాకు పోయగా మిగిలిన ఎర్ర ఆయిల్‌ను ఒడిస్సీలో ఒంపడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. మూలుగు ఆ తర్వాతే మొదలైతే ఇంకెక్కడా వెతకనక్కర్లేదు, ఆయిల్ అంతా మార్చాలి. డబ్బాలో ఉండేది మొత్తం ఆయిల్‌లో కొంత భాగమే. కనుక పిచికారీతో ఒకసారి పీల్చి కొత్తది పోస్తే సరిపోదు. పీల్చి, పోసి, కొంత తిప్పి, మళ్లీ పీల్చాలి. లేదా తిరుగు గొట్టాన్ని డబ్బా నుంచి ఊడదీసి సీసాలోకి పెట్టి, ఒకరు పైనుంచి పోస్తుంటే మరొకరు స్టీరింగ్ తిప్పాలి. డబ్బాను ఊడదీసినప్పుడు అడుగున జల్లెడ ఉంటే వెలుతురుకు ఎత్తి చూసి, బ్రేక్ క్లీనర్‌తో కడిగి బాగా ఆరబెట్టాలి.

మోత ఆపుతామని సీసాల్లో అమ్మే మందుల గురించి మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. అవి చాలావరకు పాత సీళ్లను ఉబ్బించే రసాయనాలు. కొన్నాళ్లు కారడం తగ్గుతుంది. ఆ తర్వాత ఉబ్బిన రబ్బరు మెత్తబడి మరింత త్వరగా పోతుంది. గాలి పీల్చే ఓరింగుకైతే వాటి వల్ల ప్రయోజనం చాలా తక్కువ. అమ్మేయబోయే బండిలో ఈ మందు పోసేవాళ్లున్నారు. పాత మినీవ్యాన్ కొనేవారు డబ్బా మూత తీసి చూడటానికి అది ఒక కారణం.

ఓరింగు మార్చినా, ఆయిల్ మార్చినా గాలి తీయాలి. ఈ పనిలో తొందరే పెద్ద శత్రువు. ముందు చక్రాలు నేలకు తగలకుండా జాకీతో లేపి, కింద స్టాండులు పెట్టి, ఇంజన్ ఆపి ఉంచి స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పదిహేను ఇరవై సార్లు నిదానంగా తిప్పాలి. మధ్యమధ్య మట్టం చూసి పోస్తుండాలి. డబ్బాలో బుడగలు రావడం ఆగాకనే ఇంజన్ స్టార్ట్ చేయాలి. ముందే స్టార్ట్ చేస్తే పంపు ఉన్న గాలినంతా నురగగా చిలికేస్తుంది. అలా చిలికితే ఇంజన్ ఆపి, నురగ విరిగేదాకా గంటో రెండు గంటలో బండిని వదిలేయడం తప్ప దారి లేదు.

పంపు పక్షం: ఇదంతా చేశాం. ఓరింగు కొత్తది, క్లిప్పులు కొత్తవి, ఆయిల్ తేటగా ఉంది, నురగ లేదు, తళుకూ లేదు. ఇంకా మూలుగుతోంది, పైగా పార్కింగులో స్టీరింగ్ బరువుగా ఉంది. ఇప్పుడేమంటారు?

గొట్టం పక్షం: ఇప్పుడు కొలవమంటాను. ఒత్తిడి గొట్టం మధ్యలో గేజీ, దానికో వాల్వు తగిలించండి. ఇంజన్ నడుస్తుండగా ఆ వాల్వు మూయండి. మూడు నాలుగు సెకన్లు, అంతకు మించి వద్దు, పంపు పాడవుతుంది. మాన్యువల్లో రాసిన ఒత్తిడి గేజీ మీద రాకపోతే పంపుదే తప్పు. వచ్చిందంటే పంపు బాగుంది, లోపం ర్యాక్‌లో ఉంది.

పంపు పక్షం: గేజీ తగిలించేపాటికి నేను పంపు మార్చి బండి తాళాలు ఇచ్చేస్తాను.

గొట్టం పక్షం: ర్యాక్‌లో లోపమైతే ఆ తాళాలు వారంలో మళ్లీ మీ చేతికే వస్తాయి.

గేజీ చాలా చిన్న షాపుల్లో ఉండదు. ఉన్నా తగిలించడానికి గొట్టం విప్పాలి, మళ్లీ గాలి తీయాలి. ఆ ఇబ్బంది నిజమే. మోత ఒక్కటే ఉండి బరువు లేకపోతే గేజీ అవసరం దాదాపు రాదు. బరువూ మోతా కలిసి ఉన్నప్పుడు గేజీ లేకుండా పంపు మార్చడం ఊహ మీద ఖర్చు పెట్టడమే. ర్యాక్ మార్పు పంపు మార్పు కంటే చాలా ఖరీదైన పని. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించాలి.

మోతకు పంపూ ర్యాకూ కాని కారణమూ ఒకటుంది. ఒత్తిడి గొట్టాన్ని పట్టి ఉంచే బ్రాకెట్ ఊడి, గొట్టం బాడీ రేకుకు ఆనుకున్నా పంపు సహజంగా చేసే చిన్న శబ్దం బండి లోపలికి పెద్దదై వినిపిస్తుంది. బానెట్ తీసి వింటే ఏమీ ఉండదు, సీట్లో కూర్చుంటే మోత. అప్పుడు గొట్టం పొడుగునా చేత్తో తడిమి చూడటమే పరీక్ష.

పంపు మార్చక తప్పని బండి విషయంలోనూ వాదం ఆగదు. కొత్త పంపు వేసిన రోజే మూలిగిన బండ్లు ఎన్నో ఉన్నాయి.

పంపు పక్షం: అవి రీబిల్ట్ పంపులు. మూడింట ఒకటి పెట్టెలోంచే చెడి వస్తుందన్నట్టు ఉంటాయి. వెనక్కి పంపి ఇంకోటి తెప్పిస్తాం.

గొట్టం పక్షం: నాసిరకంవి ఉంటాయి, కాదనను. కానీ పాత ఓరింగుతోనే, పాత గొట్టంతోనే, పాత మడ్డితోనే కొత్త పంపు బిగిస్తే రెండోదీ మూలుగుతుంది, మూడోదీ మూలుగుతుంది. మూడు పంపులూ చెడ్డవని ఎవరు నమ్ముతారు?

రీబిల్ట్ పంపుల పేరు చెడటానికి ఇది ఒక ముఖ్య కారణం. పంపు మార్చేటప్పుడు పీల్పు వైపు ఓరింగు, ఒత్తిడి వైపు ఓరింగు రెండూ కొత్తవే వేయాలి. కొన్ని పెట్టెల్లో ఒకటే వస్తుంది. పంపు బిగించే ముందు దానిలో ఆయిల్ పోసి పుల్లీని చేత్తో తిప్పాలి. పొడిగా నడిచిన కొత్త పంపు నిమిషాల్లోనే గీతలు పడుతుంది. పాత పంపులో లోహపు తళుకు కనిపించి ఉంటే గొట్టాలూ ర్యాక్ కూడా కొత్త ఆయిల్‌తో కడగాలి. లేకపోతే మిగిలిన రజను చుట్టూ తిరిగి కొత్త పంపులోకే వస్తుంది. పాత పంపును షాపుకు తిరిగి ఇచ్చేదాకా కోర్ డిపాజిట్ కట్టించుకుంటారు. ఇచ్చే ముందు పుల్లీ, మూలమలుపు ముక్క విప్పి ఉంచుకున్నామో లేదో చూసుకోవాలి, కొత్త పెట్టెలో అవి ఉండకపోవచ్చు. పాత ఆయిల్‌ను కాలవలో పారబోయకుండా సీసాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే విడిభాగాల షాపులో ఇవ్వాలి.

చివరికి పంపు పక్షం తన అసలు ఇబ్బందిని బయటపెడుతుంది. అది యంత్రానికి సంబంధించింది కాదు.

పంపు పక్షం: మీరు చెప్పిన వరస నాకు తెలియక కాదండీ. బెల్టు తీసి వినడం, గ్రీజు పూయడం, గుడ్డ మీద ఆయిల్ చూడటం, అన్నిటికీ కలిపి గంట పడుతుంది. ఆ గంటకు ఎవరిస్తారు డబ్బు? పంపు మార్చానంటే బిల్లు చూసి మాట్లాడకుండా ఇస్తారు. ఓరింగు మార్చి గంట కూలీ వేస్తే, రెండు డాలర్ల రబ్బరుకు ఇంతా అని కొట్లాటకు వస్తారు.

గొట్టం పక్షం: అదొక్కటీ ఒప్పుకుంటాను. వెతకడమూ పనేనని ముందే చెప్పి, దానికి ధర ముందే రాసివ్వండి. కాదన్నవాళ్లకు పంపే మార్చండి. కానీ బిల్లు మీద, కారణం చూడలేదని రాయండి.

పంపు పక్షం: అలా రాస్తే రేపు షాపు మూసుకోవాలి.

ఈ వాదంలో యంత్రం వరకు గెలుపు గొట్టం పక్షానిదే. నురగ ఉన్న బండిలో పంపును ముందు మార్చడాన్ని సమర్థించే మెకానిక్కు వాదం ఏదీ లేదు. తళుకు కనిపించిన ఆయిల్, స్టీరింగ్‌తో సంబంధం లేని గరగర, గేజీ మీద పడిపోయిన ఒత్తిడి, ఈ మూడింటిలో ఒకటి ఉంటేనే పంపు మార్పు న్యాయం. డబ్బు వరకు వస్తే పంపు పక్షం చెప్పినదాంట్లో నిజం ఉంది. ఆ చిక్కు విప్పగలిగింది బండి యజమానే. పాత మినీవ్యాన్‌ను షాపుకు తీసుకెళ్లేవారు పంపు ఎంత అని అడిగే ముందు, వెతకడానికి ఎంత తీసుకుంటారో అడగండి. పీల్పు వైపు ఓరింగు చూశారో లేదో అడగండి. ఆ గంటకు డబ్బు ఇవ్వండి.